పూజ వేరు, ఒప్పుకోలు వేరు

ఒమాన్‌లోని ఇబ్రిలో మా సిమెంటు బ్లాకుల యార్డు ఊరికి కొంచెం దూరంగా, ఏడాదిలో చాలా భాగం ఎండిపోయి ఉండే వాగు పక్కన ఉండేది. నేను అక్కడ లెక్కలు చూసేవాణ్ణి. అకౌంటెంటును కాను, పదో తరగతి దాటలేదు. సిమెంటు మోసే పనికి వెళ్లినవాణ్ణి. ఇసుక కుప్ప చుట్టూ తాడు పట్టి, ఎత్తు కర్రతో కొలిచి, అది ఎన్ని బ్లాకులకు వస్తుందో నోటితో చెప్పడం మేనేజరు ఒకసారి విన్నాడు. అప్పటి నుంచి నా చేతికి తట్ట రాలేదు, స్టీలు స్కేలు వచ్చింది. బస్తాకు ఎన్ని బ్లాకులు, వందకు ఎన్ని పగుళ్లు, ఎండ ముదిరితే నీళ్లు ఎంత పెంచాలి, ఇదే నా డ్యూటీ. తప్పుగా చెప్పిన రోజులు ఉన్నాయి కానీ కొలవకుండా చెప్పిన రోజు లేదు. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

తొంభైల మొదట్లో మస్కట్‌లోని ఖురంలో ఒక యూరప్ కన్సల్టెంటు ఆఫీసు ఖాళీ చేశారు. పాత కుర్చీలు, బల్లలు మా కంపెనీ కొన్నది. లారీ మీద వెళ్లి వాటిని తెచ్చింది నేనే. ఒక బల్ల సొరుగులో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. యూరప్ దేశాల్లో వ్యాపారం చేసేవాళ్లకు చట్టం ఎలా ఉంటుందో కొత్తగా చదివేవాళ్ల కోసం రాసిన పుస్తకం అది. మేనేజరును అడిగితే, "నీకెందుకయ్యా?" అని నవ్వి, ఉంచుకోమన్నాడు.

ఎందుకో అప్పుడు నాకూ తెలియదు. డిక్షనరీ పెట్టుకుని మొదటి పాఠం దాటేసరికి తెలిసింది. అది లెక్కల పుస్తకం లాంటిదే. ఒక మెట్టు ఎక్కితేనే రెండో మెట్టు. ఒకరు 'ఇస్తాను' అనాలి, రెండోవారు 'సరే' అనాలి. ఆ 'సరే' మొదటివారు అన్నదానికే అనాలి, ఒక మాట మార్చి అంటే అది ఒప్పుకోలు కాదు, కొత్త బేరం. దుకాణం అద్దంలో ధర రాసి పెడితే అమ్ముతానని మాట ఇచ్చినట్టు కాదు, లోపలికి రమ్మని పిలిచినట్టు అని కొన్ని దేశాల్లో అనుకుంటారు. మాట్లాడకుండా ఊరుకున్నవాడు ఒప్పుకున్నట్టు కాదు. ఈ చివరిది చదివినప్పుడు పుస్తకం మూసేశాను. మా ఊళ్లో ఊరుకున్నవాడి భూములు ఎన్ని పోయాయో నాకు తెలుసు.

శుక్రవారాలు డ్యూటీ లేదు. పొద్దున బట్టలు ఉతుక్కున్నాక రూమ్‌లో అందరూ ఉండేవాళ్లు, నేను చదివింది చెప్పేవాణ్ణి. మిక్సరు నడిపే అతను నిజామాబాద్ దిక్కువాడు, నోరు ఊరుకోదు. నాకు 'వకీల్ సాబ్' అని పేరు పెట్టింది అతనే. ఇంకొకరు మేస్త్రి. జగిత్యాల దగ్గర్నుంచి వచ్చినవాడు. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. ఆ యార్డు నేల చదును చేసిన మొదటి జట్టులో మిగిలింది అతనొక్కడే. మేమందరం అతన్ని అన్నా అనేవాళ్లం.

ఒక శుక్రవారం 'తగిన కాలం' గురించి చెప్పాను. కొన్న సరుకు చేతికి రాగానే కొన్నవాడు దాన్ని పరీక్ష చేసుకోవాలి, వంక కనబడితే తగిన కాలంలో అమ్మినవాడికి చెప్పాలి. ఆలస్యం చేస్తే వంకతో సహా అది తనదే.

"తగిన కాలమంటె ఎన్ని దినాలు?" అన్నాడు మిక్సరతను.

"రాయలేదు."

"రాయకుంటె గదేం కానూనయ్యా? అంకె లేకుంటె నీకు అన్నం సయిస్తదా వకీల్ సాబ్?"

నిజానికి నాకూ అదే కష్టంగా ఉంది. అన్నిటికీ అంకె ఉండాలనుకునే మనిషిని నేను. మేస్త్రి గోడకు ఆనుకుని గోళ్లు తీసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "చాపలకెంత?" అన్నాడు.

"ఈ ఎండకా? గంట," అన్నాడు మిక్సరతను.

"బట్టకు?"

"ఒక్క ఉతుకు."

"ఎద్దుకు?"

"ఒక్క సాలు దున్నిపిస్తె తెల్వదా?"

"తొలి సాలు ఏ ఎద్దయినా మంచిగనే దున్నుతది. నడినెత్తి మీదికి ఎండొచ్చినంక సూడాలె. ఒక పొద్దు కావాలె దానికి." గోళ్ల కత్తెర మూసి నా వైపు చూశాడు. "గందుకే అంకె రాయలేదు తమ్మి. చాపల లెక్క రాస్తె ఎద్దు కొన్నోడు మునుగుతడు."

పుస్తకంలో ఆ పాఠం చివర ఉన్నది కూడా అదే, సరుకు స్వభావాన్ని బట్టి కాలం అని. నాకు దాన్ని అర్థం చేసుకోవడానికి మూడు సాయంత్రాలు పట్టింది. అతనికి ఎద్దులు తెలుసు కాబట్టి వెంటనే అందింది. ఆ రోజు మా రూమ్ మీద నాకు చాలా గర్వం కలిగింది.

ఆ చలికాలంలోనే ఇటలీ నుంచి కొత్త బ్లాక్ మిషన్ వచ్చింది. మస్కట్ రేవు నుంచి ట్రెయిలరు మీద కర్రపెట్టెల్లో తెచ్చారు. దాన్ని బిగించడానికి అమ్మిన కంపెనీ ఒక ఫిట్టరును పంపింది. సన్నటి మనిషి, ఎండకు ముక్కు తోలు ఊడిపోయేది. అతని ఇంగ్లీషు మా ఇంగ్లీషంతే ఉండడం వల్ల మాకు బాగా కుదిరింది. మా రూమ్‌కు వచ్చి చింతపండు చారు తాగి, చెమటలు తుడుచుకుంటూ ఇంకా పోయమనేవాడు. నట్టు ఎంత బిగించాలో మా చేయి తన చేతిలో పెట్టుకుని చూపించేవాడు. దాదాపు రెండు వారాలు అలా గడిచాయి.

మిషన్ బిగించడం పూర్తయిన రోజు మేనేజరు మస్కట్‌లో ఉన్నాడు. బటన్ నొక్కే ముందు మేస్త్రి ఆపాడు. పూజ చేయకుండా కొత్త ఇనుము మీద చెయ్యి వేయడం అతనికి చేతకాదు. సలాలా నుంచి అరటిపండ్ల లారీ వచ్చినప్పుడల్లా డ్రైవరు కొబ్బరికాయలు తెచ్చిపెట్టేవాడు, అవి ఉన్నాయి. వాగులో గన్నేరు పూసి ఉంది. నిమ్మకాయలకు ఆ దేశంలో కొదవ లేదు. పసుపు, కుంకుమ రూమ్‌లో ఉన్నాయి. మా ఒమానీ యజమాని, మేము అర్బాబ్ అనేవాళ్లం, కారు దూరంగా ఆపి చూసి, "మీ దేవుడికి చెప్పుకోండి. బ్లాకుల సంగతి మాత్రం నాకు చెప్పండి," అని వెళ్లిపోయాడు. ఏటా దసరాకు చూస్తున్నదే, ఆయనకు కొత్త కాదు.

అంతా అయ్యాక మేస్త్రి కొబ్బరికాయ తీసి ఫిట్టరు చేతిలో పెట్టాడు.

"గాయనకెందుకే?" అన్నాడు మిక్సరతను.

"గంత దూరంకెల్లి వచ్చి బిగించిండు. గాయన్ని పక్కకు నిలవెట్టి మనం కొట్టుకుంటె మంచిగుంటదా?"

ఫిట్టరు మొదటి దెబ్బకు కాయ చేతిలోంచి జారి దొర్లిపోయింది. "మిషన్ బిగించొస్తదిగని కాయ కొట్టరాదు పాపం," అన్నాడు మిక్సరతను. రెండో దెబ్బకు పగిలి నీళ్లు అతని చొక్కా మీద పడ్డాయి. నవ్వుతూ ఒక చేత్తో కొబ్బరిచిప్ప పట్టుకుని, రెండో చేత్తో పచ్చ బటన్ నొక్కాడు. మిక్సరతని దోస్తు ఊళ్లో ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు, సరిగ్గా అప్పుడే ఫోటో తీశాడు. మేస్త్రి పక్కన నిలబడి ఉన్నాడు, మేమందరం వెనక. ఫిట్టరు వెళ్లేటప్పుడు గుర్తుగా ఒక కాపీ ఇచ్చాం. అతను దాన్ని జాగ్రత్తగా బట్టల మధ్య పెట్టుకున్నాడు.

అసలు ఒప్పందం ప్రకారం ఫిట్టరు మిషన్‌ను కొన్ని షిఫ్టులు నడిపి చూపించాలి. మా వైపు నుంచి ఒకరు సరిచూసి పరీక్ష కాగితం మీద సంతకం పెట్టాలి. అప్పుడే మిషన్ మాది అయినట్టు. కానీ ఇంకో దేశంలో ఎక్కడో మిషన్ ఆగిపోయిందని అతనికి కబురొచ్చింది. పరీక్ష మధ్యలో వదిలి, కాగితం పోస్టులో వస్తుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే మేస్త్రి వంక పట్టాడు. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా కొత్త బ్లాకులు ఒకదాని మీద ఒకటి పేర్చి చూడడం అతని పద్ధతి. నాలుగు వరసలు పేర్చి, ఒక కన్ను మూసి చూసి, "ఒక దిక్కు లేస్తుంది తమ్మి," అన్నాడు. నేను స్కేలు పెట్టి కొలిచాను. ప్రతి బ్లాకు ఎడమవైపు కొద్దిగా ఎత్తు. మేనేజరు కలిపే పాళ్లలో తేడా అన్నాడు. నేను పాళ్లు మార్చి కొలిచాను, ఇసుక మార్చి కొలిచాను, పొద్దున ఒకసారి మధ్యాహ్నం ఒకసారి కొలిచాను. ఏం మార్చినా వంక మారలేదు. అంటే తప్పు కలపడంలో లేదు, అచ్చు కింద వణికే బల్లలో ఉంది. మేనేజరు నా అంకెలు చూసి, వెంటనే ఇటలీకి ఫ్యాక్స్ పంపాడు. తగిన కాలంలోనే పంపాం. నేను మనసులో ఆ పాఠానికి టిక్కు పెట్టుకున్నాను.

జవాబు వచ్చిన రోజు మేనేజరు నన్నూ మేస్త్రినీ ఆఫీసులోకి పిలిచాడు. ఆయన కేరళ మనిషి, కోపం వస్తే హిందీలోకి దిగేవాడు. బల్ల మీద మా ఫోటో ఉంది. ఫ్యాక్స్‌లో నల్లగా వచ్చింది గానీ కొబ్బరికాయ తెలుస్తోంది. ఫిట్టరు పంపిన కాపీని ఇటలీలో వాళ్ల ఆఫీసు గోడకు తగిలించుకున్నారట. ఇప్పుడు దాన్నే తీసి పంపారు. మీ కంపెనీ సిబ్బంది అందరి ముందు ప్రారంభోత్సవం చేసుకుని మిషన్‌ను వాడకంలోకి తీసుకున్నారు, ఒప్పందంలో అది ఒప్పుకోలు కిందే లెక్క, ఇక మీదట బాగుచేసుకునే బాధ్యత మీదే అని రాశారు.

"ఎవరు చెప్పారు ఫంక్షన్ చేయమని?" మేనేజరు మేస్త్రిని అడిగాడు. "కంపెనీ తరఫున మిషన్ తీసుకునే అధికారం నీకు ఎవరిచ్చారు?"

మేస్త్రి ఫోటోను తన వైపుకు తిప్పుకుని చూశాడు.

"నీ వీసా వచ్చే నెల రెన్యువల్. వాళ్లు మిషన్ బల్ల మార్చకపోతే అర్బాబ్ ముందు నేను జవాబు చెప్పాలి. నేను చెప్పలేను. నువ్వు ఎగ్జిట్, ఇక ఇంటికే."

బయటికి వచ్చాక మేస్త్రి వాగు వైపు నడిచాడు. నేను వెంట వెళ్లాను. అతని వయసుకు ఇంకో కంపెనీ వీసా ఇవ్వదని ఇద్దరికీ తెలుసు. కానీ అతను మాట్లాడింది దాని గురించి కాదు.

"పోవుడు పోత తమ్మి. ఎప్పటికన్న పోయేదే. గని పూజ జేసి మిషన్ ఖరాబ్ జేసిండని పేరు మోసుకొని పోవాల్నా?"

ఆ శుక్రవారం రూమ్‌లో ఎవరూ నన్ను వకీల్ సాబ్ అనలేదు. పుస్తకం తీయమని మాత్రం అందరూ అన్నారు. నేను ముందే చూసి ఉన్నాను. చూసినది చెప్పడానికే నోరు రావడం లేదు. ఒప్పుకోవడానికి నోటి మాటే అక్కర్లేదు, చేసే పని కూడా మాటే అని అందులో ఉంది. బస్సు ఎక్కి కూర్చున్నవాడు టికెట్‌కు ఒప్పుకున్నట్టే. హోటల్లో ప్లేటు ముందు పెట్టుకుని తిన్నవాడు ఒప్పుకున్నట్టే. నేను అదే చెప్పాను, దాచలేదు.

"అయితె నీ బుక్కు నన్ను ఇంటికి పంపుతదా?" అన్నాడు మేస్త్రి. కోపంగా కాదు, బస్సు ఎన్నింటికని అడిగినట్టు.

ఇంకో దారి ఉంది. అది నాకు మొదటి రోజే తట్టింది. ప్రతినిధుల పాఠంలో ఉంది. ఇంకొకరి తరఫున ఒప్పుకోవాలంటే వాళ్లు ఇచ్చిన అధికారం ఉండాలి, లేదా ఉన్నట్టు వాళ్లే బయటివాళ్లకు కనబరిచి ఉండాలి. మేస్త్రికి రెండూ లేవు. ఆ ఒక్క మాట రాస్తే చాలు, ఆ ఫోటో పనికిరాకుండా పోతుంది, కంపెనీ గట్టెక్కుతుంది. మేనేజరు కూడా అదే రాయబోతున్నాడు. కానీ ఆ మాట గెలిస్తే మేస్త్రి ఓడతాడు. అధికారం లేకుండా కంపెనీ మిషన్‌ను తీసుకోబోయిన మనిషి అని కాగితం మీదికి ఎక్కుతాడు. మిషన్ మిగులుతుంది, పేరు పోతుంది. ఒకే లెక్కకు రెండు వైపులా ఒకే జవాబు రావాలి. ఇక్కడ రావడం లేదంటే మొదటి మెట్టులోనే ఏదో తప్పింది అనిపించింది.

మళ్లీ మొదటి నుంచి చదివాను. చేసిన పని మాటగా లెక్కకు వస్తుంది, నిజమే. కానీ ఆ మాట ఏమిటన్నది ఎవరు చెప్పాలి? దానికి పక్క పేజీలోనే జవాబు ఉంది. ఆ పరిస్థితిలో ఉన్న తెలివైన మనిషి ఆ పనిని ఎలా అర్థం చేసుకుంటాడో అలా తీసుకోవాలి, అక్కడి అలవాట్లు, వాడుక కూడా చూడాలి. అంటే 'అతనికి అధికారం ఉందా' అన్నది రెండో ప్రశ్న. 'అతను చేసింది ఒప్పుకోలేనా' అన్నది మొదటిది. మేమందరం మొదటిదాన్ని దాటేసి రెండోదాని దగ్గర కొట్టుకుంటున్నాం.

శనివారం పొద్దున మేనేజరు దగ్గరికి వెళ్లాను. "సార్, అధికారం సంగతి తర్వాత అడగండి. ముందు ఆ పూజ అంటే ఏమిటో అడగండి."

"ఎవర్ని అడగాలి?"

"చేసినవాణ్ణి."

ఆయన డైరీ తెరిచి తేదీలు చూశాడు. "వాళ్ల కంపెనీ మేడమ్ వచ్చే వారం ఖురం వస్తోంది, డీలరు ఆఫీసుకు. ఒప్పందాలు చూసేది ఆమే. అతన్ని తీసుకురా. నువ్వే తర్జుమా చెయ్యి. పుస్తకం మాత్రం తేవద్దు."

పుస్తకం తీసుకెళ్లలేదు. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, దారి పొడుగునా కిటికీలోంచి కట్టే ఇళ్లను చూస్తూ, ఏ గోడ మట్టంగా ఉందో ఏది లేదో చెబుతూనే వచ్చాడు. డీలరు ఆఫీసులో ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బు కాఫీ పెట్టారు. మేడమ్‌కు నలభై ఏళ్లు ఉంటాయి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఫోటో బల్ల మీద పెట్టి, మేస్త్రి వైపు తిరిగి నేరుగా అడిగింది.

"ఈ వేడుక అర్థం ఏమిటి?"

నేను తెలుగులో చెప్పాను. మేస్త్రి ఫోటో వైపు చూడలేదు, ఆమెనే చూశాడు.

"తల్లీ, మేము కొత్త ఎద్దును కొన్ననాడు కొమ్ములకు పసుపు పూస్తం. గిది మంచిగ దున్నుతదని రాసిచ్చుడు గాదు గది. మంచిగ దున్నుమని దాన్ని అడుగుడు. దున్నుతదో దున్నదో దున్నినంక గద తెలిసేది."

నేను ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా చెప్పాను. ఎద్దు దగ్గర కూడా ఆగలేదు. ఆ తర్జుమా నా జీవితంలో చేసిన మంచి పనుల్లో ఒకటి.

"మరి మా మనిషి చేత ఎందుకు కొట్టించారు?"

"బిగించిన చెయ్యి గాయనది. మా ఊర్ల బాయి తవ్వినోనికే తొలి బొక్కెన నీళ్లిస్తం. నీళ్లు తియ్యగున్నయో ఉప్పగున్నయో అప్పటికి ఎవనికి తెలుసు?"

"కానీ అప్పట్నుంచి మిషన్ వాడుతూనే ఉన్నారు కదా?"

"వాడకుంటె వంకర ఎట్ల కనబడ్తది తల్లీ?"

మేనేజరు నవ్వాపుకోవడానికి కహ్వా కప్పు ఎత్తాడు. ఆమె మాత్రం నవ్వలేదు. ఫోటో తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, మేస్త్రికి అర్థం కావాలన్నట్టు ఆగి ఆగి మాట్లాడింది.

"మాది ఓడలు కట్టే ఊరు. మా నాన్న అక్కడ వెల్డరు. కొత్త ఓడను నీళ్లలోకి దించే రోజు ఊరంతా వస్తుంది. ఓడ ముక్కుకు సీసా కొట్టి పగలగొడతారు. నా చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని చూసేదాన్ని. కానీ కొన్నవాడు ఓడను తీసుకునేది ఆ రోజు కాదు. సముద్రంలో తిప్పి చూసి, ఆ తర్వాత." ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టింది. "దీన్ని మేము తప్పుగా చదివాం. మా ఊరి సీసా అయితే తప్పుగా చదివేవాళ్లం కాదు."

నేను చెప్పగానే మేస్త్రి, "సీసల ఏముంటదో అడుగు," అన్నాడు.

"వైన్ అట."

"మాకు కొబ్బరినీళ్లు. గంతే ఫరక్."

అది కూడా చెప్పాను. అప్పుడు నవ్వింది ఆమె. పరీక్ష పూర్తి కాలేదని, కాగితం మీద ఎవరి సంతకమూ లేదని మేనేజరు తన ఫైలు చూపించాడు. నా కొలతలు కూడా చూపించాడు. వాటిని ఆమె ఒక్కొక్కటిగా చూసి, కాపీ అడిగి తీసుకుంది. పై వాళ్లతో మాట్లాడాలి, ఇక్కడ మాట ఇవ్వలేనంది. ఆమెకు ఎంతవరకు అధికారం ఉందో అంతవరకే మాట్లాడింది. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

తిరిగి వస్తుంటే మేస్త్రి అన్నాడు, "వాళ్లు బల్ల ఇయ్యనీ ఇయ్యకపోనీ. పూజ సంగతి తేలింది."

నాకు బల్ల సంగతి తేలేదాకా నిద్ర సరిగా పట్టలేదు. వీసా తేదీ దగ్గర పడుతోంది. మేనేజరు ఆ మాట ఎత్తడం లేదు, మేము అడగడం లేదు. కొన్నాళ్లకు ఫ్యాక్స్ వచ్చింది. కొత్త బల్ల పంపుతున్నారు, అదే ఫిట్టరు వస్తున్నాడు, ఈసారి పరీక్ష పూర్తయ్యేదాకా ఉంటాడు. మేనేజరు దాన్ని మేస్త్రి చేతిలోనే పెట్టాడు, అతనికి ఇంగ్లీషు చదవడం రాదని తెలిసినా. తర్వాత సొరుగులోంచి పాస్‌పోర్టు తీసి రెన్యువల్‌కు పంపే కట్టలో పెట్టాడు. క్షమించమని అనలేదు. ఇంకోటి చేశాడు.

"ఒప్పుకునేది ఎవరో ముందే తేల్చి పెడదాం. మళ్లీ ఫోటో చూసి ఎవరూ వెతుక్కోకూడదు," అని టైపిస్టును పిలిచి, కంపెనీ తరఫున మిషన్‌ను పరీక్షించి ఒప్పుకునే అధికారం మేస్త్రికి ఇస్తున్నట్టు కాగితం కొట్టించాడు. అర్బాబ్ దాని మీద కంపెనీ ముద్ర వేశాడు. నేను అది చదివి తెలుగులో చెబుతుంటే మేస్త్రి రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అంటె నేను సరే అంటెనే సరేనా?"

"అవునన్నా."

"సరే అనకుంటె?"

"అనకపోతే మిషన్ వాళ్లదే."

ఫిట్టరు రాగానే మొదట అడిగింది కొబ్బరికాయ. ఇంటి దగ్గర దుకాణంలో కొని నేర్చుకున్నాడట. గన్నేరు పూలు, నిమ్మకాయలు, పసుపు, అంతా ముందులాగే జరిగింది. ఈసారి ఒక్క దెబ్బకే పగిలింది. "పాసయిండు," అన్నాడు మిక్సరతను. ఫోటో కూడా తీశారు. ఎవరూ వద్దనలేదు.

మిషన్ నడిచింది. సాయంత్రానికి బ్లాకులు చక్కగా వచ్చాయి. నా స్కేలుకు ఎడమా కుడీ ఒకటే. ఫిట్టరు సంతోషంగా పరీక్ష కాగితం తెచ్చి, పెన్ను తీసి మేస్త్రికి ఇచ్చాడు. మేస్త్రి పెన్ను తీసుకోలేదు.

"ఇయ్యాల కాదు."

నేను చెప్పాను. ఫిట్టరు మిషన్ వైపు, బ్లాకుల వైపు చూసి, "బాగానే ఉన్నాయిగా?" అన్నాడు.

"మంచిగనే ఉన్నయ్. తొలి సాలు."

మర్నాడూ కాదన్నాడు. మధ్యాహ్నం ఎండలో నడిపించాడు, తడి ఇసుకతో నడిపించాడు, రెండు షిఫ్టులు ఆపకుండా నడిపించాడు. ఎండిన బ్లాకులు తెచ్చి వరసలు పేర్చాడు, ఒక కన్ను మూశాడు, కూలగొట్టి మళ్లీ పేర్చాడు. ఫిట్టరు నా దగ్గరికి వచ్చి, ఇంకా ఎన్ని రోజులు అని అడిగాడు. అందరూ నన్నే చూశారు. అంకె అడిగితే అంకె చెప్పకుండా ఉండని మనిషిని కదా.

"తగిన కాలం," అన్నాను.

మిక్సరతను నేల మీద కూర్చుని నవ్వాడు. ఫిట్టరు భుజాలు ఎగరేసి, రూమ్‌లో చారు ఉందా అని అడిగాడు.

మేస్త్రి ఒప్పుకున్న రోజు ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. పేర్చిన గోడ ముందు నిలబడి పై వరస మీద అరచెయ్యి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. తిరిగి వచ్చి పెన్ను అడిగాడు. మేనేజరు వచ్చాడు, అర్బాబ్ కూడా కారు దిగి వచ్చాడు. కాగితం మీద సంతకం కోసం చిన్న గడి ఉంది, ఇటలీ వాళ్ల పొట్టి సంతకాలకు సరిపోయేంత. మేస్త్రి తన పేరు తెలుగులో, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాడు. అది గడి దాటి, గీత దాటి, కాగితం అంచు దాకా వెళ్లింది. ఫిట్టరు దాన్ని చూసి, అక్షరాలు ఎండేదాకా కాగితం మడవకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.